నోటితో చెప్పే లెక్క, చేతికి రాని అక్షరం: మన వాడల్లో ఎవరి కంటా పడని ప్రతిభ

నాలుగేళ్ల కిందట, పత్తి ఏరే రోజుల్లో మా వాడలో జరిగిన సంగతి ఇది. సాయంత్రం మేస్త్రి కూలి లెక్క చూస్తున్నాడు. నలుగురు ఆడవాళ్ళు ఏరిన పత్తి 43, 37, 51, 29 కిలోలు. కిలోకు 12 రూపాయలు. మేస్త్రి సెల్‌ఫోన్‌లో నొక్కి 1860 అన్నాడు. పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్లవాడు 1920 కదా అన్నాడు. ఎట్లా అని అడిగితే, 43కు 37 కలిపితే 80, 51కి 29 కలిపితే ఇంకో 80, మొత్తం 160, దాన్ని పన్నెండుతో గుణిస్తే సరి అని చెప్పాడు. మేస్త్రి మళ్ళీ నొక్కి చూసుకుని మిగతా 60 రూపాయలు ఇచ్చాడు.

అదే రాత్రి ఆ పిల్లవాడు మా ట్యూషన్ సెంటర్‌లో 'పుస్తకం' అనే మాటను 'పుసతకం' అని రాశాడు. 'అమ్మ'ను 'అమ' అని రాశాడు. పది లైన్ల పాఠం చదవడానికి పావుగంట తీసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు నీళ్ళకని లేచాడు.

ఆ సెంటర్‌ను మా అంబేద్కర్ యువజన సంఘం కమ్యూనిటీ హాల్లో నడిపేది. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండి అక్కడ పాఠాలు చెప్పేవాణ్ని. వాడికి రాయడానికి బద్ధకం అని తేల్చుకున్నది ఇంకెవరో కాదు, నేనే. తప్పు రాసిన ప్రతి మాటనూ యాభైసార్లు రాయించాను. దాదాపు ఏడాది పాటు రాయించాను. వాడు ఎదురు చెప్పకుండా రాసేవాడు. యాభైసార్లూ తప్పులే, అయితే ఒక్కోసారి ఒక్కో తప్పు. ఒకచోట ఒత్తు పోయేది, ఇంకోచోట కొమ్ము పోయేది, మరోచోట 'త' ఉండాల్సిన చోట 'క' వచ్చేది. బద్ధకం ఉన్నవాడు ఒకటే తప్పును యాభైసార్లు రాస్తాడు. ఇంత తేలిక విషయం నాకు బీఎడ్‌లో చేరాకగాని తట్టలేదు.

వాడు కూర్చునే చోటుకు పైన గోడ మీద అంబేద్కర్ ఫొటో ఉండేది, చేతిలో పుస్తకంతో. ఎన్ని వేల పుస్తకాలు చదివాడో, ఎన్ని డిగ్రీలు చేశాడో మేం వారానికోసారి చెప్పేవాళ్ళం. ఆ ఫొటో కింద చదవలేని పిల్లవాడిగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో మేం ఆలోచించలేదు.

ఒకే పిల్లలో రెండూ

ఇట్లాంటి పిల్లల్ని ఇంగ్లిష్‌లో 'ట్వైస్ ఎక్సెప్షనల్' అంటారు. ఈడు పిల్లలకంటే బాగా ముందున్న సామర్థ్యం ఒకటి, దానితో పాటు డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, ఏడీహెచ్‌డీ, ఆటిజం వంటి ఇబ్బంది ఒకటి, రెండూ ఒకే పిల్లలో ఉండటం. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అనీ, రాయడంలో ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అనీ అంటారు. ఈ ఇబ్బందులకు తెలివితేటలతో సంబంధం లేదు.

తెలుగులో ఈ పిల్లలకు స్థిరపడిన పేరు లేదు. వెతుకుతుంటే ఒక విచిత్రం తగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సంక్షేమం చూసే శాఖ పేరులోనే 'విభిన్న ప్రతిభావంతులు' అనే మాట ఉంది. బోర్డు మీద ప్రతిభ ఉంది గాని, లోపలికి వెళ్ళాక వైకల్యం ఎంత శాతమో కొలుస్తారు. నీ ప్రతిభ ఏమిటని అడిగేవాళ్ళుండరు.

1997లో లిండా బ్రాడీ, కెరోల్ మిల్స్ అనే అమెరికా పరిశోధకులు ఈ పిల్లల్ని మూడు రకాలుగా చూశారు. కొందరి ప్రతిభ ముందే కనిపిస్తుంది, ఇబ్బంది దాని వెనక దాగుతుంది. పెద్ద తరగతులకు వచ్చి రాత పెరిగే కొద్దీ వాళ్ళు వెనకబడతారు. అప్పుడు ఇంట్లోనూ బడిలోనూ వినిపించే మాట ఒకటే: తెలివి ఉంది గాని కష్టపడడు. రెండో రకం పిల్లల్లో ఇబ్బందే ముందు కనిపిస్తుంది. వాళ్ళను వెనకబడ్డవాళ్ళ గుంపులో వేస్తారు, ఇక ఆ గుంపులో ప్రతిభ కోసం వెతికేవాళ్ళుండరు. మూడో రకం వాళ్ళలో ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. తెలివితో సగం నెట్టుకొస్తారు, ఇబ్బంది సగం వెనక్కి లాగుతుంది, చివరికి 40 మార్కులు వస్తాయి. 40 మార్కుల పిల్లవాడి గురించి స్టాఫ్ రూమ్‌లో చర్చ జరగదు.

పరిశోధకులు చెప్పిన ముసుగులు రెండు. మన వాడల్లో మూడోది ఇంకొకటి ఉంది.

ఆశ్చర్యపడేవాళ్ళు ఎవరు?

పట్నంలో డాక్టర్ గారి అబ్బాయి మాటల్లో మెరికలా ఉండి రాతలో తప్పుతున్నాడనుకుందాం. బడిలో టీచరమ్మ ఆశ్చర్యపోతుంది. ఇంట్లో తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. ఇంత తెలివైన పిల్లవాడు రాయలేకపోవడమేమిటి అన్న ప్రశ్న వాళ్ళను సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తుంది. రోగనిర్ధారణ అనేది కాగితం మీద పరీక్షతో మొదలవుతుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఆ ఆశ్చర్యంతోనే మొదలవుతుంది. ఉండాల్సిన దానికీ ఉన్నదానికీ మధ్య తేడా కనిపించినవాళ్ళే కారణం వెతుకుతారు.

కూలికి వెళ్ళే తల్లి కొడుకు 'పుసతకం' అని రాస్తే ఎవరికీ ఆశ్చర్యం కలగదు. వాళ్ళింట్లో చదువుకున్నవాళ్ళు లేరు, వాళ్ళకు అంతే వస్తుంది అని ముందే ఒక కొలత ఉంది. పిల్లవాడు ఆ కొలతకు సరిపోయాడు. తేడా ఏదీ కనిపించదు కాబట్టి వెతకాల్సిన పనీ లేదు. మన పిల్లల్లో ట్వైస్ ఎక్సెప్షనల్ పిల్లలు దొరకకపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. పరీక్షలు, డాక్టర్లు లేకపోవడం ఆ తర్వాతి సంగతి.

ఇది ఆవేశంలో అంటున్న మాట అనుకునేవాళ్ళ కోసం రెండు ప్రయోగాలు చెప్తాను. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 2004లో ప్రకటించిన అధ్యయనం మొదటిది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలు, అగ్రకులాల నుంచి 321 మంది, దళిత కులాల నుంచి 321 మంది. కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడి బొమ్మలు ఇచ్చారు. ఎవరి కులమూ చెప్పనప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివాక అదే బొమ్మల్లో దళిత పిల్లలు బాగా వెనకబడిపోయారు. బొమ్మలు మారలేదు, బుర్రలు మారలేదు. గదిలో కులం పేరు పలికారంతే.

రెండోది రీమా హానా, లీ లిండెన్ 2012లో ప్రచురించింది. భారతదేశంలోనే పిల్లలకు పోటీ పరీక్ష పెట్టి, ఆ జవాబు పత్రాల పైకాగితం మీద కులం వగైరా వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి, టీచర్ల చేత దిద్దించారు. తక్కువ కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కాస్త తక్కువ పడ్డాయి. తేడా చిన్నదే. అయితే మనం దాటవేయకూడని వివరం ఒకటుంది: ఆ తేడా కనిపించింది తక్కువ కులాల నుంచి వచ్చిన టీచర్లు దిద్దిన పత్రాల్లోనే. వాళ్ళు ఎందుకలా చేశారో ఎవరి వివరణ వాళ్ళకుండొచ్చు. నాకు మాత్రం యాభైసార్లు రాయించిన నా చెయ్యి గుర్తొచ్చింది. ఆ కొలత అవతలివాళ్ళ కళ్ళలోనే ఉందనుకున్నాను. నా కళ్ళలోనూ ఉంది.

తెలుగులో ఇది ఎట్లా కనిపిస్తుంది

డిస్లెక్సియా గురించి పుస్తకాల్లో రాసేది ఎక్కువగా ఇంగ్లిష్ చదివే పిల్లల గురించి. 'బి' అక్షరం 'డి'లా కనిపించడం లాంటివి. తెలుగు రాత తీరు వేరు. మనం ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు రాయం, హల్లునూ అచ్చునూ కలిపి ఒక అక్షరంగా రాస్తాం. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, కింద ఒత్తు, ఒకే అక్షరం చుట్టూ మూడు నాలుగు వైపుల చూడాలి. కాబట్టి ఇబ్బంది ఎక్కువగా గుణింతాల్లో, ఒత్తుల్లో బయటపడుతుంది. 'ద, ధ, థ'; 'ప, ఫ, ష'; 'బ, భ'; 'మ, వ' లాంటి జంటల దగ్గర పిల్లలు ఆగిపోతారు. మొదటి తరగతిలో అందరూ ఆగుతారు. నాలుగో తరగతికి వచ్చినా ఆగుతుంటే, చదివేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ వేలితో పట్టుకుని కూడబలుక్కుంటుంటే, అదే పాఠం మనం చదివి వినిపిస్తే జవాబులన్నీ టకటకా చెప్తుంటే అనుమానించాలి. వినికిడికీ చదువుకీ మధ్య ఆ తేడాయే ముఖ్యం.

ఒక హెచ్చరిక కూడా అవసరం. తడబడే ప్రతి పిల్లకూ డిస్లెక్సియా అని ముద్ర వేయకూడదు. కళ్ళద్దాలు లేక బోర్డు కనపడని పిల్లలున్నారు. చెవిలో చీము కారి సగమే వినపడే పిల్లలున్నారు. రక్తహీనతతో రెండో పీరియడ్‌కే కళ్ళు మూతలు పడే ఆడపిల్లలున్నారు. పత్తి సీజన్‌లో రెండు నెలలు బడి మానేసేవాళ్ళున్నారు. ఇంటి తెలుగు వేరై, పుస్తకం తెలుగు పరాయి భాషలా తగిలేవాళ్ళున్నారు. 'వచ్చిండు' అని రాసిన పిల్లకు ఏ వైకల్యమూ లేదు, అది వాళ్ళమ్మ భాష. వీటన్నిటినీ పక్కన పెట్టి చూశాకే లెర్నింగ్ డిజేబిలిటీ మాట ఎత్తాలి.

ముద్ర ఎంత చేటు చేస్తుందో అమెరికాలో నల్లజాతి కుటుంబాలు అనుభవించాయి. కాలిఫోర్నియాలో ఐక్యూ పరీక్షలు పెట్టి నల్లజాతి పిల్లల్ని లెక్కకు మించి మందబుద్ధి పిల్లల తరగతుల్లో వేశారు. తల్లిదండ్రులు 1971లో కోర్టుకెక్కారు. లారీ పి. వర్సెస్ రైల్స్ పేరుతో నడిచిన ఆ కేసులో 1979లో ఫెడరల్ కోర్టు ఆ పరీక్షల వాడకం వివక్షేనని తీర్పు చెప్పింది. మనం అడగాల్సింది ముద్రను కాదు, సాయాన్ని. చిక్కేమిటంటే మన చట్టంలో చాలా సాయాలు సర్టిఫికెట్ దారినే వస్తాయి.

సర్టిఫికెట్ దారి

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది, ఆటిజం ఉంది. ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన ఇవ్వాల్సిన బాధ్యత విద్యాసంస్థలదేనని 16వ సెక్షన్ చెప్తోంది. బడి పిల్లలపై ఐదేళ్ళకోసారి సర్వే చేయాలని 17వ సెక్షన్ చెప్తోంది. ఈ రెండు సెక్షన్ల నంబర్లూ కార్యకర్తలు నోటికి నేర్చుకోవాలి. హెడ్మాస్టర్ దగ్గరికి, ఎంఈఓ దగ్గరికి వెళ్ళినప్పుడు పనికొస్తాయి.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు లెర్నింగ్ డిజేబిలిటీ సర్టిఫికెట్‌ను ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకే ఇవ్వాలన్నాయి. 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలన్నాయి. మొదట పిల్లల డాక్టర్ చూపు, వినికిడి, నరాల సమస్యలు చూస్తారు. తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్ ఐక్యూ కొలుస్తారు. అది 85 దాటితేనే చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన అసలు పరీక్ష.

చదువుతుంటే మూడు మెట్లే. ఇక ఇంటి నుంచి లెక్కపెట్టండి. మండలంలో సైకాలజిస్ట్ ఉండరు. జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్క మెట్టు ఒక్క రోజులో తెగితే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. సాధారణంగా ఒక్క రోజులో తెగదు. ఐక్యూ పరీక్ష కూడా మన పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. మన దేశంలో ఇప్పటికీ వాడుతున్న బినే-కామత్ పరీక్ష 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైంది. పరాయి గదిలో, పరాయి మనిషి ముందు, ఇంటి భాష కాని భాషలో అడిగిన ప్రశ్నలకు పిల్లవాడు బిగుసుకుపోయి 82 దగ్గర ఆగాడనుకోండి, అసలు పరీక్ష దాకా వెళ్ళడు.

ఇంకో దగా సగటులో ఉంది. బొమ్మల ప్రశ్నల్లో 130 స్థాయి, విన్న అంకెలను గుర్తుంచుకుని తిరిగి చెప్పడంలో 75 స్థాయి ఉన్న పిల్లకు మొత్తం కలిపి వంద దగ్గర అంకె వస్తుంది. కాగితం మీద 'సాధారణం' అని రాస్తారు. ఆ పిల్లలో సాధారణంగా ఉన్నదేదీ లేదు. అందుకే రిపోర్టు తీసుకునేటప్పుడు మొత్తం అంకె ఒక్కటే కాకుండా విడివిడి భాగాల అంకెలూ రాసివ్వమని అడగాలి. అడిగితే ఇస్తారు. అడగొచ్చని తెలియకపోవడమే సమస్య.

40 శాతం వైకల్యం ఉంటే రిజర్వేషన్లు వర్తిస్తాయి. అంతకు తక్కువ ఉంటే ఏమీ రాదని చాలామంది ఆఫీసర్లే చెప్తారు. అది తప్పు. వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్‌సీ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చేత్తో రాయలేనివాళ్ళకు 40 శాతం లేదన్న సాకుతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని తీర్పిచ్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ 40 శాతానికి లోపు ఉన్నవాళ్ళకూ స్క్రైబ్, అదనపు సమయం గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. పోటీ పరీక్షలకు తయారవుతున్న విద్యార్థులు ఈ రెండు కాగితాలూ ఫోన్‌లో పెట్టుకోవడం మంచిది.

ప్రతిభ తలుపులు ఎవరికి తెరుచుకుంటున్నాయి

ఇబ్బందివైపు దారి అది. ప్రతిభవైపు చూద్దాం. పేద పిల్లల్లో తెలివైనవాళ్ళను ఏరి మంచి బడిలో చదివించాలన్న ఆలోచన మన దగ్గర పాతదే. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం అట్లాంటిదే. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయలు వచ్చాయి. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు మన పిల్లల బతుకులు మార్చాయి, అందులో సందేహం లేదు. నేనూ అక్కడి నుంచే వచ్చాను.

అయితే ఆ తలుపు దగ్గర ఏ ప్రశ్నలు అడుగుతున్నారో చూడండి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు. వాటిలో 40, అంటే సగం, బొమ్మల ప్రశ్నలు. వాటికి చదవడం పెద్దగా అక్కర్లేదు, ఏ బొమ్మ భిన్నంగా ఉందో, ఏది తర్వాత రావాలో చూస్తే చాలు. తెలంగాణ గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షలో 100 మార్కులుంటే ఇటీవలి సంవత్సరాల్లో మానసిక సామర్థ్యానికి కేటాయించింది 10. మిగతా 90 తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, అంటే ప్రశ్న చదివి అర్థం చేసుకుంటేగాని ముందుకు సాగనివి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లకు కేంద్ర ప్రభుత్వ పరీక్షలో సగం తలుపు తెరిచి ఉంది, మన కోసం పెట్టిన గురుకులంలో పదో వంతే తెరిచి ఉంది. దీన్ని మార్చడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ప్రశ్నపత్రం మార్చితే చాలు.

ఎనిమిదో తరగతిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ సంగతి ఇంకోరకం. ఎంపికైతే ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. ప్రశ్నపత్రంలో సగం మానసిక సామర్థ్యమే, 90 ప్రశ్నలు. మా సెంటర్‌లో కొంతమందిని దానికి తయారు చేస్తూ ప్రశ్నలు పైకి చదివేవాణ్ని. వెనక నుంచి ఆ పిల్లవాడు అందరికంటే ముందు జవాబు చెప్పేవాడు. మిగతావాళ్ళను ఆలోచించుకోనివ్వు అని కసిరాను. తర్వాత సిగ్గుపడి వాడి చేత కూడా దరఖాస్తు పెట్టిద్దామనుకుంటే, ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ ఎస్టీలకైతే 50 శాతం మార్కులుండాలన్న నిబంధన అడ్డొచ్చింది. వాడికి 41 వచ్చాయి. ఆ 41 దేనివల్ల వచ్చాయో కనిపెట్టగల పరీక్షే ఆ ప్రశ్నపత్రంలో ఉంది. దాన్ని రాసే అర్హత వాడికి లేదు.

మార్కులను, టీచర్ సిఫారసును పక్కన పెట్టి అందరినీ చూస్తే ఏమవుతుంది? అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీలో ఇది జరిగింది. అక్కడ ప్రతిభ తరగతులకు పిల్లల్ని టీచర్లు, తల్లిదండ్రులు సిఫారసు చేసేవాళ్ళు, ఎక్కువగా తెల్లపిల్లలే వెళ్ళేవాళ్ళు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ మాటలు లేని బొమ్మల పరీక్ష పెట్టారు. ఎంపికైన నల్లజాతి పిల్లల సంఖ్య దాదాపు 80 శాతం, హిస్పానిక్ పిల్లల సంఖ్య దాదాపు 130 శాతం పెరిగింది. ఆ పిల్లలు అంతకుముందూ అదే తరగతుల్లో, అదే టీచర్ల ముందు కూర్చున్నారు. తర్వాత ఖర్చు భారమని ఆ పద్ధతిని ఆపేశారు. ఆపగానే సంఖ్య మళ్ళీ పడిపోయింది.

అంత దూరం పోనక్కర్లేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చి చూడకపోతే వాళ్ళలో ఆ శక్తి ఉందని ఎవరికి తెలిసేది? కొండ ఎక్కించి చూశారు కాబట్టి కొండ ఎక్కేవాళ్ళు దొరికారు. అక్షరంతో మాత్రమే వెతికితే అక్షరం వచ్చినవాళ్ళే దొరుకుతారు.

'ప్రతిభ' మాట మనకెందుకు?

ఈ ప్రశ్న ఒక మిత్రుడు గట్టిగానే అడిగాడు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం బీసీ రిజర్వేషన్లు పెంచినప్పుడు, 1990లో మండల్ సిఫారసుల అమలు ప్రకటించినప్పుడు రోడ్లెక్కినవాళ్ళు మోసిన మాట ప్రతిభే కదా అన్నాడు. నిజమే. తరాల తరబడి వచ్చిన కుల వారసత్వం ఐఐటీ మద్రాసులో మెరిట్‌గా ఎట్లా మారిందో అజంతా సుబ్రమణియన్ 2019లో 'ది క్యాస్ట్ ఆఫ్ మెరిట్' పేరుతో పుస్తకమే రాశారు. ఐక్యూ పరీక్షల చరిత్రా అంత పరిశుభ్రంగా లేదు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి ఆ పరీక్ష తయారు చేశాడు. అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని పుట్టుకతో వచ్చే తెలివిని కొలిచే తక్కెడగా మార్చాడు. 1921లో మేధావి పిల్లల్ని ఏరే పని మొదలుపెట్టాడు. అప్పుడు ఆ పరీక్షలో ఎంపిక కాని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. షాక్లీ ఆ పిమ్మట నల్లవాళ్ళకు పుట్టుకతోనే తెలివి తక్కువని ప్రచారం చేస్తూ తిరిగాడు. తనను కాదన్న తక్కెడనే పట్టుకుని ఊరేగాడన్నమాట.

కాబట్టి మిత్రుడి అనుమానం నాకూ ఉంది. నేను అడుగుతున్నది మేధావి పిల్లలకు వేరే బడి కాదు. మన దగ్గర ప్రతిభ అంటే ఒకటే కథ చెప్పుకుంటాం, అడ్డంకులన్నీ దాటి గెలిచిన బిడ్డ కథ. దాటలేకపోయిన పిల్లలకు ప్రతిభ లేదని ఆ కథ చెప్పకనే చెప్తుంది. ఆ కథను అగ్రకులాల పత్రికలు రాసినప్పుడు తప్పుపడతాం, మన సన్మాన సభల్లో మనమే చెప్తాం.

బడిలోనూ సెంటర్‌లోనూ చేయగలిగింది

బీఎడ్‌లో ఉండగా సెలవులకు వచ్చి వాడితో పని మొదలుపెట్టాను. మొదట చేసింది రాయించడం ఆపడం. ఇబ్బంది ఉన్న పిల్లకు రోజంతా ఇబ్బందిలోనే శిక్షణ ఇస్తే, బాగా వచ్చిన పనికి టైమే మిగలదు. స్పెషల్ క్లాసుల పేరుతో బడుల్లో జరిగేది అదే, లెక్కల పీరియడ్‌లో లేపి తీసుకెళ్ళి గుణింతాలు దిద్దిస్తారు. నేను రోజుకు గంట తీసుకుంటే నలభై నిమిషాలు లెక్కలే, నోటితో. తొమ్మిది, పది తరగతుల రేఖాగణితం వాడు బొమ్మ చూసి చెప్పేవాడు. మిగతా ఇరవై నిమిషాలు ఒత్తులు, ఒకసారికి ఒకటే ఒత్తు, ఇసుకలో వేలితో, పెద్ద అక్షరాలతో, పైకి పలుకుతూ. సాంఘిక శాస్త్రం పాఠాలు తరగతిలో బాగా చదివే అమ్మాయి చేత ఫోన్‌లో రికార్డు చేయించాం. ఫోన్‌లో తెలుగు మాట చెప్తే తెలుగు అక్షరాలు పడతాయని వాడే కనిపెట్టాడు.

మండల కేంద్రంలో భవిత సెంటర్ ఉంటుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష నడుపుతోంది. అక్కడి రిసోర్స్ పర్సన్‌ను కలిసి మన బడికి ఎప్పుడొస్తారో అడగండి. ఎక్కువగా కదలలేని పిల్లలు, మాట రాని పిల్లలు వాళ్ళ దృష్టిలో ఉంటారు, చివరి బెంచి పిల్లల పేరు మనమే చెప్పాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వచ్చినప్పుడు చూడాల్సిన వాటిలో చూపు, వినికిడితో పాటు నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఆ రోజు మన సంఘం నుంచి ఒకరు బడిలో ఉంటే చాలా తేడా ఉంటుంది. గురుకుల సొసైటీలను అడగాల్సింది ఇంకా సూటిగా ఉంది: ఐదో తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ మొదటి నెలలోనే చూపు, వినికిడి, చదువు, బొమ్మల పరీక్ష. పిల్లలు అక్కడే ఉంటారు, తల్లి కూలి పోదు, బస్సు ఎక్కే పని లేదు. ఇంత అనువైన చోటు ఇంకెక్కడుంది?

మా పిల్లవాడికి 14 ఏళ్ళు దాటాక గాని ఈ దారి మాకు తెలియలేదు. సర్టిఫికెట్ లేకుండానే, స్క్రైబ్ లేకుండానే పదో తరగతి రాశాడు. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి, తెలుగులో తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు మోటార్ వైండింగ్ షాపులో పనిచేస్తూ పాలిసెట్‌కు తయారవుతున్నాడు. చుట్టలు లెక్కపెట్టడంలో వాణ్ని మించినవాడు లేడని ఓనర్ అంటాడు.

వాడి చెల్లెలు నాలుగో తరగతి. ఇట్లాంటి ఇబ్బందులు ఒకే ఇంట్లో ఒకరికి మించి కనిపించడం మామూలే. పోయిన దసరాకు ఊరెళ్ళినప్పుడు వాళ్ళమ్మ ఆ పిల్ల నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "దీనికి గూడ అన్న లెక్కనే అయితుంది తమ్మీ. నోటితోని అన్నీ చెప్తది. మల్ల యాభైసార్లు రాయిస్తవా?" అని అడిగింది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది.

పిల్లకు తొమ్మిదేళ్ళు. కళ్ళు, చెవులు చూపించాం, రెండూ బాగున్నాయి. జిల్లా ఆసుపత్రిలో సైకాలజిస్ట్ వచ్చే రోజు కనుక్కుని పేరు రాయించాం. వచ్చే ఏడాది గురుకుల ప్రవేశ పరీక్షలోగా కాగితం చేతికొస్తుందో లేదో చూడాలి. తేదీ ఇంకా ఇవ్వలేదు.